నీళ్లు, శెనక్కాయ చెక్క చూసుకున్నాకే ప్రోబయాటిక్ డబ్బా

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. గుత్తి దగ్గర రేకుల షెడ్డు, కేజీల్లో (పంజరాల్లో) పది వేల లేయర్లు (గుడ్ల కోళ్లు), బ్యాచ్ వయసు 52 వారాలు. మూడు వారాల్లో ప్రొడక్షన్ వంద కోళ్లకు రోజుకు 88 గుడ్ల నుంచి 82కి దిగింది. రెట్ట పల్చగా పడుతోంది, గుడ్ల మీద మరకలు, షెడ్డు కింద ఈగలు. ఐదు రోజులు యాంటీబయాటిక్ వేస్తే తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలైంది. ఇప్పుడు మందులాయన రెండు ప్రోబయాటిక్ (పేగుకు మేలు చేసే బతికున్న బ్యాక్టీరియా) డబ్బాలు చూపించాడు. ఒకటి నీళ్లలో కలిపే లాక్టోబాసిల్లస్, ఇంకొకటి మేతలో కలిపే బాసిల్లస్. "ఏది కొనాలన్నా?" అని అడిగావు.

కొనాల్సి వస్తే బాసిల్లస్ డబ్బానే కొను. కానీ ఈ వారం కొనొద్దు.

నేను తాడిపత్రి వైపు ఇరవై ఏళ్లకు పైగా లేయర్లు పెంచుతున్నాను. ప్రోబయాటిక్ మీద నాకు నమ్మకం ఉంది, ప్రతి బ్యాచ్‌లోనూ వాడతాను. నమ్మకం ఉంది కాబట్టే ఆగమంటున్నాను. నీళ్లలోనో గింజలోనో తప్పు పెట్టుకుని డబ్బా పోస్తే ఏమీ మారదు. నెల తర్వాత "అదంతా మోసం" అని వదిలేస్తాం. మన చుట్టుపక్కల చాలా షెడ్లలో ఇదే జరిగింది.

ముందు జబ్బు కాదని తేల్చుకో. రెండు మూడు రోజుల్లోనే ప్రొడక్షన్ పది శాతం పడిపోయి, ఆకుపచ్చ రెట్ట, గురక, మెడ తిరగడం, తోలు గుడ్లు కనబడితే అది పేగు సంగతి కాదు. రాణీఖేతో ఐబీయో (రెండూ కోళ్లకు వచ్చే వైరస్ జబ్బులు) అయి ఉంటుంది, ఒక్కరోజు కూడా ఆగకుండా డాక్టరును పిలవాలి. నీ షెడ్డులో మెల్లగా దిగింది, చావులు పెరగలేదని రాశావు కాబట్టి అంత టెన్షన్ పడక్కర్లేదు. అయినా లసోటా (రాణీఖేత్ టీకా) చివరిసారి ఎప్పుడు వేశావో రిజిస్టర్ తీసి చూడు. రేపు చచ్చిన కోడి ఉంటే పారేయకుండా పోస్ట్‌మార్టం చేయించు. మీ మండలం డాక్టరు గారు చేస్తారు, లేకపోతే జిల్లా పశువ్యాధి నిర్ధారణ ల్యాబుకు పట్టుకెళ్లు. కడప వైపు వాళ్లకు ప్రొద్దుటూరు వెటర్నరీ కాలేజీ దగ్గర. పేగు, కాలేయం రెండూ చూడమని ప్రత్యేకంగా అడుగు. కాలేయం ఎందుకో కింద చెబుతాను.

రెట్ట చూడటం కూడా ఒక పని. మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో షెడ్డులోకి వెళ్లి చూస్తే ఏ కోడి రెట్ట అయినా నీళ్లలాగే ఉంటుంది. మామూలు రోజుల్లో కోడి తిన్న మేతకు రెండింతలు నీళ్లు తాగుతుంది, అంటే 110 గ్రాముల మేతకు 220 మిల్లీలీటర్లు. ఎండాకాలం మేత తగ్గిస్తుంది, నీళ్లు మూడు నాలుగింతలు తాగుతుంది. ఆ నీళ్లు బయటికి రావాలి కదా. అందుకని పొద్దున ఐదున్నరకు, ఎండ రాకముందు, నాలుగైదు చోట్ల కేజీల కింద అట్ట ముక్కలు పరిచి గంట తర్వాత చూడు. గట్టిగా గోధుమ రంగులో పడి పైన తెల్లటి టోపీ ఉంటే బాగున్నట్టు. ఎనిమిది పది రెట్టల్లో ఒకటి చాక్లెట్ రంగులో జిగటగా పడుతుంది, అది గుడ్డిపేగు నుంచి వచ్చేది. దాన్ని చూసి జబ్బని మందులు పోసినవాళ్లు ఉన్నారు. పొద్దున కూడా నీళ్లలా పడుతుంటే, అందులో అరగని మొక్కజొన్న నూక కనబడుతుంటే, అప్పుడు పేగులో తేడా ఉన్నట్టే. తెల్లగా బియ్యపు గింజల్లాంటివి కదులుతుంటే అవి బద్దెపురుగు ముక్కలు. కేజీల్లో ఉన్న కోడికి పురుగులేమిటి అనుకోవద్దు, ఈగను తిన్నా వస్తాయి. నీకు ఈగలు ఎక్కువున్నాయి కాబట్టి చెబుతున్నాను.

చూడాల్సినవాటిలో రెండోది నీళ్లు. నువ్వు బోరు నీళ్ల సంగతి ఒక్క ముక్క కూడా రాయలేదు. మన అనంతపురంలో కోళ్ల పేగు సమస్య అంటే నేను మొదట అడిగేది అదే. వేసవిలో బోరు మట్టం దిగేకొద్దీ నీళ్లలో ఉప్పు చిక్కబడుతుంది. సంక్రాంతికి బాగున్న నీళ్లే ఉగాది దాటాక మారిపోతాయి. టీడీఎస్ (లీటరు నీళ్లలో కరిగిన ఉప్పులు ఎన్ని మిల్లీగ్రాములో చెప్పే లెక్క) వెయ్యి లోపు ఉంటే ఇబ్బంది లేదు. వెయ్యి దాటి మూడు వేల దాకా కోడి తట్టుకుంటుంది కానీ రెట్ట పల్చబడొచ్చు. మూడు వేలు దాటితే పల్చటి రెట్ట మామూలైపోతుంది, ప్రొడక్షన్ కూడా దెబ్బతింటుంది. ఐదు వేలు దాటిన నీళ్లు కోడికి పెట్టనే కూడదు. మెగ్నీషియం, సల్ఫేట్ ఎక్కువున్న నీళ్లు విరేచనాల మందులాగే పనిచేస్తాయి. దానికి ఏ సూక్ష్మజీవి పోసినా ఉపయోగం ఉండదు, నీళ్లు మార్చాలి, లేదా మంచి నీళ్లు కలిపి ఉప్పు తగ్గించాలి.

నీళ్లు ల్యాబుకు పంపేటప్పుడు బోరు దగ్గర ఒక సీసా, పైపు లైను చివరి నిపుల్ (కోడి ముక్కుతో తట్టి తాగే చిన్న కుళాయి) దగ్గర ఇంకో సీసా పట్టు. బోరు దగ్గర శుభ్రంగా ఉండి చివరి నిపుల్ దగ్గర ఈ.కోలై (రెట్టలో ఉండే బ్యాక్టీరియా) కనబడిందంటే తప్పు పైపుల్లో ఉంది. చివరి నిపుల్ విప్పి పైపులో వేలు పెట్టి చూడు, జారుడుగా పాకుడు తగులుతుంది. విటమిన్లు, బెల్లం నీళ్లు, గ్లూకోజ్ కలిపిన మందులు ఏళ్ల తరబడి పోసిన లైనులో అది గట్టిగా పేరుకుంటుంది. యాంటీబయాటిక్ వేస్తే తగ్గి, ఆపగానే మళ్లీ వస్తోందని రాశావే, నాకు మొదట అనుమానం తగిలింది అక్కడే. కోడికి మందు వేస్తున్నావు, పైపు మళ్లీ అంటిస్తోంది. నీళ్లలో కలిపే లాక్టోబాసిల్లస్ డబ్బా వద్దనడానికి ఒక కారణం ఇది. అందులో చక్కెరలాంటివి కలిపి ఉంటారు, అవి ఆ పాకుడికే మేత అవుతాయి. హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో లైను కడగాలి. ఏ మోతాదు, ఎంతసేపు అన్నది నువ్వు కొనే సీసా మీద ఉన్నట్టే చెయ్యి. ఆ నీళ్లు మొత్తం వదిలేశాకే కోళ్లకు మామూలు నీళ్లు పెట్టు.

నీళ్లలో కలిపే డబ్బా వద్దనడానికి రెండో కారణం క్లోరిన్. చివరి నిపుల్ దగ్గర రెండు మూడు పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) క్లోరిన్ ఉండేట్టు చూసుకోమని మనందరికీ చెబుతారు, అది మంచిదే. అదే క్లోరిన్ నీ డబ్బాలోని బ్యాక్టీరియాను కూడా చంపుతుంది. టీకా నీళ్లలో వేసేటప్పుడు క్లోరిన్ ఆపి పాలపొడి కలుపుతాం కదా, ప్రోబయాటిక్ కూడా అలాంటి ప్రాణమున్న సరుకే. నా రెండో బ్యాచ్‌లో నేనీ తప్పు చేశాను. పొద్దున క్లోరిన్ పోసి, పదింటికి అదే ట్యాంకులో ప్రోబయాటిక్ కలిపాను, అలా నెలరోజులు. ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

చూడాల్సినవాటిలో మూడోది గింజలు, చెక్క. దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, మన జిల్లాలో ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతుంది. సోయా ధర పెరిగినప్పుడల్లా అందరం శెనక్కాయ చెక్క (నూనె తీశాక మిగిలే పిప్పి) వైపు తిరుగుతాం. మన పంటే, మన మిల్లుల్లోనే దొరుకుతుంది. కానీ శెనక్కాయకు ఆఖర్లో వాన ఎగ్గొట్టి భూమి వేడెక్కితే కాయ నేలలో ఉండగానే బూజు పడుతుంది. పీకి కుప్పేశాక వాన పడినా బూజే. మన దగ్గర ఈ రెండిట్లో ఒకటి లేని ఏడాది తక్కువ. ఆ బూజు వదిలే విషం అఫ్లాటాక్సిన్. అసలు ప్రపంచానికి ఈ విషం తెలిసిందే శెనక్కాయ చెక్క వల్ల. 1960లో ఇంగ్లండులో బ్రెజిల్ నుంచి వచ్చిన చెక్క తిని లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయాయి. కారణం తెలియక దానికి 'టర్కీ ఎక్స్' జబ్బు అని పేరు పెట్టారు. తర్వాత వెతికితే చెక్కలో ఈ బూజు విషం బయటపడింది.

నాకు ఎదురైంది చెబుతాను. ఒక ఏడాది దీపావళి దాటాక చవగ్గా వచ్చిందని ఒక లోడు చెక్క దించుకున్నాను. చూడటానికి బాగానే ఉంది, వాసన కూడా లేదు. రెండు వారాలకు ప్రొడక్షన్ మెల్లగా జారడం మొదలైంది. గుడ్డు సైజు తగ్గింది, రెట్ట పల్చబడింది. పేగు సమస్యే అనుకుని రెండు నెలలు మంచి ప్రోబయాటిక్, డబ్బాల కొద్దీ, మేతలో కలిపాను. ఏమీ మారలేదు. చివరికి ఒక డాక్టరు గారు వచ్చి కోడిని కోసి చూపించారు. ఎర్రగా ఉండాల్సిన కాలేయం పసుపు రంగుకు తిరిగి, ఉబ్బి, పట్టుకుంటే చిట్లిపోతోంది. చెక్క శాంపిల్ ల్యాబుకు పంపితే విషం బయటపడింది. చెక్క మార్చి, టాక్సిన్ బైండర్ (పేగులో విషాన్ని పట్టుకునే పొడి), లివర్ టానిక్ వేశాక కోళ్లు కోలుకున్నాయి, కానీ ఆ బ్యాచ్ మళ్లీ పాత పర్సంటేజ్‌కు రాలేదు. ప్రోబయాటిక్ పేగులో పనిచేస్తుంది. విషం కాలేయంలో కూర్చుంది. కాలేయం చూడమని అడగమన్నది అందుకే.

అందుకని ఇప్పుడు ఏ చెక్క, ఏ మొక్కజొన్న వాడుతున్నావో, ఎప్పుడు దించావో చూడు. ప్రొడక్షన్ దిగడం మొదలైన తారీఖు, కొత్త లోడు తారీఖు పక్కపక్కన రాసుకో. తేమ 12 శాతం దాటిన మొక్కజొన్న మన ఎండలోనూ నిల్వ ఉండదు, సంచి మధ్యలో బూజు కడుతుంది. మట్టి రకం బైండర్లు అఫ్లాటాక్సిన్‌ను బాగా పట్టుకుంటాయి, మిగతా బూజు విషాలను అంతగా పట్టుకోవు. కాబట్టి బైండర్ ఉందన్న ధైర్యంతో పాడైన సరుకు కొనొద్దు.

జబ్బు లేదని, నీళ్లు, మేత బాగున్నాయని తేలితే, లేదా సరిచేసుకుంటే, అప్పుడు ప్రోబయాటిక్ సంగతి.

అది చేసే పని అర్థం చేసుకుంటే వాడటం సులువు. కోడి పేగులో మంచి బ్యాక్టీరియా, చెడ్డ బ్యాక్టీరియా ఎప్పుడూ చోటు కోసం పోటీ పడుతుంటాయి. మంచివి ముందుగా పేగు గోడను ఆక్రమిస్తే సాల్మొనెల్లా లాంటివాటికి అంటుకునే చోటు దొరకదు. మంచివి తయారుచేసే ఆమ్లం కూడా వాటికి పడదు. దీన్ని 1973లో ఫిన్లండులో నుర్మి, రాంటాలా అనే ఇద్దరు నిరూపించారు. పెద్ద కోడి పేగులోని బ్యాక్టీరియాను అప్పుడే పుట్టిన పిల్లలకు పట్టిస్తే, ఆ పిల్లలను సాల్మొనెల్లా అంత తేలిగ్గా పట్టలేదు. ఇంట్లో పొదిగిన పిల్ల తల్లి వెంట తిరిగి, నేల గీరి ఆ బ్యాక్టీరియా తెచ్చుకుంటుంది. హేచరీ పిల్ల తల్లినే చూడదు, దాని పేగు ఖాళీ చేను లాంటిది. ఏ విత్తనం ముందు పడితే అది మొలుస్తుంది. ప్రోబయాటిక్‌తో అన్నిటికంటే ఎక్కువ లాభం వచ్చేది మొదటి వారంలో. నీ బ్యాచ్‌కు ఆ సమయం దాటిపోయింది, వచ్చే బ్యాచ్‌కు గుర్తుపెట్టుకో. ఆ తర్వాత పనికొచ్చే సమయాలు 16, 18 వారాల మధ్య లేయర్ కేజీల్లోకి మార్చేటప్పుడు, ఎండ ముదిరినప్పుడు, మేత ఫార్ములా మార్చినప్పుడు, యాంటీబయాటిక్ కోర్సు అయిపోయాక. యాంటీబయాటిక్ చెడ్డవాటితో పాటు మంచివాటినీ చంపుతుంది, ఆ ఖాళీలోకి ఎవరు ముందు వస్తారన్నదే ప్రశ్న. నీ షెడ్డు ఇప్పుడు సరిగ్గా అక్కడ ఉంది.

బాసిల్లస్ ఎందుకన్నానంటే, సబ్టిలిస్, లైకెనిఫార్మిస్ లాంటివి గట్టి గుల్ల కట్టుకుని నిద్రపోయినట్టు ఉంటాయి. దాన్ని స్పోర్ అంటారు. మన గోడౌన్ వేడికి, ఫీడ్ మిల్లు వేడికి, కోడి పొట్టలోని ఆమ్లానికి అవి తట్టుకుని పేగులోకి వెళ్లి మేలుకుంటాయి. లాక్టోబాసిల్లస్ మంచిదే, కానీ సుకుమారం. చల్లగా ఉంచాలి, తొందరగా వాడాలి. ఏప్రిల్ నెలలో రేకుల గదిలో పెట్టిన డబ్బాలో ఎన్ని బతికి ఉంటాయో చెప్పలేం. అయితే బాసిల్లస్ కూడా పేగులో కాపురం పెట్టదు, కొన్నాళ్లకు రెట్టతో వెళ్లిపోతుంది. కాబట్టి వారం వేసి ఆపితే లాభం లేదు, రోజూ మేతలో ఉండాలి.

డబ్బా మీద ఏం చూడాలంటే, బ్యాక్టీరియా పేరు, గ్రాముకు ఎన్ని సీఎఫ్‌యూ, తయారీ తేదీ, గడువు. సీఎఫ్‌యూ అంటే బతికున్న బ్యాక్టీరియా లెక్క. గ్రాముకు వంద కోట్లు ఉన్న పొడిని టన్ను మేతకు 500 గ్రాములు కలిపితే గ్రాము మేతలో 5 లక్షలు వస్తాయి. లక్ష నుంచి పది లక్షల మధ్య ఉంటే సరైన మోతాదే. కొందరు గ్రాముకు బదులు కిలోకు లెక్క రాస్తారు, అంకె పెద్దగా కనబడుతుంది. అలా ఉంటే వెయ్యితో భాగించి చూసుకో. సీఎఫ్‌యూ లెక్కే లేని డబ్బా ఎంత చవగ్గా ఇచ్చినా తీసుకోవద్దు.

కలపడంలో జాగ్రత్త. అర కిలో పొడిని నేరుగా టన్ను మిక్సర్‌లో పోస్తే కొన్ని కోళ్లకు అందదు. ముందు ఐదు కిలోల నూకలో, తర్వాత యాభై కిలోల్లో, ఆపైన మిక్సర్‌లో వెయ్యి. కోలిన్ క్లోరైడ్, ట్రేస్ మినరల్స్ (మేతలో కొద్దిగా కలిపే పోషకాలు), మైలుతుత్తం ఉన్న తొట్టిలో మాత్రం ముందుగా కలిపి నిల్వ పెట్టొద్దు, అవి బ్యాక్టీరియాకు పడవు. బూజుకని మేతలో మైలుతుత్తం రోజూ వేసే అలవాటు ఉంటే అది ఆపి చూడు.

యాంటీబయాటిక్ మీద ఒక మాట గట్టిగా చెప్పాలి. కోర్సు అయ్యి 24 గంటలు దాటాకే ప్రోబయాటిక్ మొదలుపెట్టు, రెండూ కలిపి వేస్తే నువ్వు కొన్నదాన్ని నువ్వే చంపినట్టు. మళ్లీ ఇంకో కోర్సు మాత్రం డాక్టరు చెప్పకుండా వేయొద్దు. మందు వేసిన రోజుల్లో, ఆ మందుకు చెప్పిన గడువు తీరేదాకా వచ్చిన గుడ్లు అమ్మకూడదు. ఆ గుడ్డు ఎవరో ఒక పిల్లాడి పళ్లెంలోకే వెళ్తుంది. యూరప్‌లో పెరుగుదల కోసం మేతలో యాంటీబయాటిక్ కలపడం 2006 జనవరి నుంచే ఆపేశారు. మన దేశంలో కొలిస్టిన్‌ను 2019 జూలైలో ఆహార జంతువుల్లో నిషేధించారు, మనుషుల ఆసుపత్రుల్లో ఆఖరి దిక్కుగా వాడే మందు అది. పాత స్టాకు అని ఎవరైనా ఇస్తే వెనక్కి ఇచ్చెయ్యి.

మజ్జిగ పోయొచ్చా అని చివర్లో అడిగావు. పెరట్లో ఇరవై కోళ్లకు గిన్నెలో పోస్తే మంచిదే, వేసవిలో మా ఇంట్లో కూడా పోస్తారు. పది వేల కోళ్ల నిపుల్ లైనులో మాత్రం ఎప్పుడూ పోయొద్దు. నిపుల్స్ మూసుకుపోతాయి, పాకుడు పది రెట్లవుతుంది. ఎండకని మజ్జిగ అడిగి ఉంటే, వేడికి కోడి రొప్పినప్పుడు ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి పెంకుకు కావాల్సిన కార్బొనేట్ తగ్గుతుంది. దానికి వంటసోడా, విటమిన్ సీ ఉపయోగం, డాక్టరు చెప్పిన మోతాదులో. పెంకు కట్టేది ఎక్కువగా రాత్రి కాబట్టి సున్నపురాయి గ్రిట్‌లో కొంత గరుకు ముక్కలుగా ఉండాలి. అవి కందనకాయలో (గిజర్డులో) నిలిచి రాత్రంతా మెల్లగా కరుగుతాయి.

ఖర్చు లెక్క వేద్దాం. పది వేల కోళ్లు, రోజుకు 1.1 టన్నుల మేత. డబ్బా కిలో 500 రూపాయలు, టన్నుకు అర కిలో అనుకుంటే రోజుకు 275 రూపాయలు. గుడ్డు ఐదు రూపాయలైతే 55 గుడ్లు, అంటే ప్రొడక్షన్‌లో అర శాతం కంటే కొంచెం ఎక్కువ. అంత పెరిగితే పెట్టుబడి వెనక్కి వచ్చినట్టే. కానీ అర శాతం తేడా కంటికి కనబడదు. ఒకరోజు వేడి తగ్గినా అంత పెరుగుతుంది. పక్క షెడ్డాయన "వాడాక రెండు శాతం పెరిగింది" అంటే, ఆ వారం వాన పడిందేమో అడుగు.

అందుకే షెడ్డును సగం సగం చేసి చూడు. ఒక వరస కోళ్లకు ప్రోబయాటిక్ మేత, పక్క వరసకు మామూలు మేత. పడమటి వైపు మొత్తం ఒకదానికి ఇవ్వొద్దు, సాయంత్రం ఎండ అక్కడే పడుతుంది. మొదటి రెండు మూడు వారాలు లెక్కలోకి తీసుకోకు, పేగు మారడానికి అంత సమయం పడుతుంది. ఆరు వారాలు గుడ్లు, పగిలినవి, మరక గుడ్లు, మేత, చావులు విడివిడిగా రాయి. తర్వాత వరసలు మార్చి ఇంకో ఆరు వారాలు చూడు. నా షెడ్డులో ప్రొడక్షన్ కంటే ముందు మారినవి మరక గుడ్లు, కింద రెట్ట, వాసన. రెట్ట గట్టిపడితే ఈగలు తగ్గుతాయి, ఊళ్లో వాళ్లతో గొడవా తగ్గుతుంది. దానికి ధర కట్టలేం కానీ షెడ్డు నడపాలంటే అది కూడా కావాలి.

రేపు పొద్దున అట్టలు పరిచి రెట్ట చూడు, మధ్యాహ్నంలోగా రెండు నీళ్ల సీసాలు, చెక్క శాంపిల్ ల్యాబుకు పంపు. రిపోర్టులు వచ్చాక అంకెలు నాకు రాయి. కోడిని కోయించినప్పుడు కాలేయం ఫోటో పగటి వెలుతురులో తియ్యి. ఫ్లాష్ వేస్తే పసుపు రంగు సరిగ్గా తెలియదు.